తెలుగు అక్షరం లేని పలక

సంపాదకుల వారికి,

నమస్కారములు.

గత నెల, అంటే 2010 జనవరి 27వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో యాపిల్ సంస్థ అధినేత స్టీవ్ జాబ్స్ ప్రకటించిన ‘ఐప్యాడ్’ అనే పలక కంప్యూటరు గురించి మీ పత్రికలోనూ ఇతర పత్రికలలోనూ వచ్చిన వార్తలను శ్రద్ధగా చదివాను. దాని బరువెంత, మందమెంత, ధర ఎంత, అందులో కెమెరా ఎందుకు లేదు, ఆ పేరు బాగుందా లేదా అన్న చర్చ చాలానే జరిగింది. కానీ తెలుగు పత్రిక చదివే పాఠకుడు అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి నాకు ఎక్కడా కనిపించలేదు. కూర్చున్న చోటనే హాయిగా చదువుకోవడానికి తయారుచేశామని చెబుతున్న ఈ పరికరంలో తెలుగు చదువుకోగలమా? ఆ సంస్థ తానే బయటపెట్టిన వివరాలను బట్టి చూస్తే చదువుకోలేమనే తేలుతోంది. ఆ సంస్థ కంప్యూటర్లనే నమ్ముకుని వృత్తి సాగిస్తున్న పాత వినియోగదారుడిగా నాకు కలిగిన నిరాశను, దానికి కారణాలను మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను హైదరాబాదులో తెలుగు పుస్తకాలకు ముఖచిత్రాలు తయారుచేస్తూ, లోపలి పేజీల అమరిక చూస్తూ ఉంటాను. మా చిక్కడపల్లి, నల్లకుంట ప్రాంతాలలో కంప్యూటరు మీద పుస్తకాల పేజీలు కూర్చే డీటీపీ కేంద్రాలలో విండోస్ కంప్యూటర్లదే రాజ్యం. తెలుగు మ్యాటరు కంపోజ్ అయ్యేది వాటి మీదే. రంగుల పని, ముఖచిత్రాల పని, ప్రెస్సుకు వెళ్లే చివరి ఫైళ్ల పని మాత్రం నేను మొదటి నుంచీ యాపిల్ వారి మాకిన్‌టాష్ కంప్యూటరు మీదే చేస్తూ వచ్చాను. తెర మీద చూసిన ఎరుపు ఆఫ్‌సెట్ కాగితం మీద కూడా ఇంచుమించు అదే ఎరుపుగా దిగాలంటే నా కంటికి అంతకంటే మంచి సాధనం కనిపించలేదు. 1994లో ఆ సంస్థ పవర్‌పీసీ చిప్‌లకు మారినప్పుడు, 2001లో పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పక్కన పెట్టి ఓఎస్ టెన్‌ను తెచ్చినప్పుడు, 2006లో ఇంటెల్ చిప్‌లకు మళ్లినప్పుడు, ప్రతిసారీ సాఫ్ట్‌వేర్లను కొత్తగా సమకూర్చుకుని దాని వెంటే నడిచాం. పక్క షాపులవాళ్లు ఈ ఖర్చు మీకెందుకని నవ్వినా పట్టించుకోలేదు. కనుక ఈ లేఖను యాపిల్ అంటే గిట్టనివాడి విమర్శగా తీసుకోవద్దని మనవి.

నిజానికి ఈ పలక రాబోతోందన్న పుకార్లు మొదలైన నాటి నుంచి నేను పెట్టుకున్న ఆశ ఒక్కటే, అది చదువుకు సంబంధించినది. ప్రకటించిన కొలతలు చూశాక ఆ ఆశ ఇంకాస్త పెరిగింది కూడా. తెర మూల నుంచి మూలకు 9.7 అంగుళాలు, నిష్పత్తి 4:3. నిలువుగా పట్టుకుంటే సుమారు 7.8 అంగుళాల ఎత్తు, 5.8 అంగుళాల వెడల్పు అన్నమాట. మన నవలలూ కథల సంపుటాలూ తరచుగా అచ్చయ్యే డెమ్మీ 1/8 సైజు 8.5 అంగుళాలకు 5.5 అంగుళాలు. చుట్టూ వదిలే మార్జిన్లు తీసేస్తే మన పుస్తకం పేజీ, అక్షరం చిన్నది చేయనక్కర లేకుండా, ఆ తెరలో చక్కగా ఇమిడిపోతుంది. సినిమాలు చూడదలచినవారు ఈ నిష్పత్తి వల్ల పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయని సణుగుతున్నారు గానీ, పుస్తకాల పనివాడు కోరుకునే కొలత ఇదే. బరువు 680 గ్రాములు. ఒకసారి ఛార్జ్ చేస్తే 10 గంటలు నడుస్తుందంటున్నారు.

ఇటువంటి సాధనం అవసరం తెలుగువారికి ఎంత ఉందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట, మన నగరంలోని ట్రిపుల్ ఐటీ కూడా పాలుపంచుకున్న ప్రయత్నంలో, వేలాది పాత తెలుగు పుస్తకాలను పేజీ పేజీనీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉంచారు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఎంత గాలించినా దొరకని పుస్తకాలు వాటిలో ఉన్నాయి. వాటిని బల్ల ముందు కూర్చుని, మెడ నిలబెట్టి, మౌసుతో పేజీ జరుపుకుంటూ వంద పేజీలు చదవడం ఎంత విసుగో ప్రయత్నించినవారికి తెలుసు. పుస్తకాలు చదువుకోవడానికి అమెజాన్ వారు చేసిన కిండిల్ పరికరంలోని ఈ-ఇంక్ తెర కాగితంలా కళ్లకు హాయిగానే ఉంటుంది, అయితే అందులో రంగులు లేవు, తెలుగూ లేదు. పడక కుర్చీలో వాలి చదువుకునే వీలు, రంగుల తెర, చేతి వేలితో పేజీ తిప్పే సౌకర్యం, వీటన్నిటితోపాటు తెలుగును కూడా మొదటగా యాపిల్ ఇస్తుందని నేను ఎదురుచూశాను.

ఆ ఆశతోనే సాంకేతిక వివరాల పట్టికను చివరి దాకా చదివాను. భాషల దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, డచ్, ఇటాలియన్, స్పానిష్, చైనీస్, రష్యన్ అని 9 పేర్లున్నాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. హిందీకే దిక్కు లేదు. 2001 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 7 కోట్ల 40 లక్షల మంది. డచ్ మాట్లాడేవారు అందులో సగం కూడా ఉండరు. తలలు లెక్కబెట్టి కాక జేబులు లెక్కబెట్టి భాషలను ఎంచుకుంటారన్న సంగతి వ్యాపారం తెలిసినవారెవరికైనా అర్థమవుతుంది, దానికి నేను కోపగించుకోవడం లేదు. మెనూల పేర్లు, బటన్ల పేర్లు తెలుగులో లేవన్నది కూడా నా ఫిర్యాదు కాదు. ఇన్నేళ్లుగా వాటిని ఇంగ్లీషులోనే చూసి అలవాటుపడ్డాం. నేను అడుగుతున్నది అంతకంటే చాలా చిన్న విషయం. ఎవరో తెలుగులో రాసిన వెబ్ పేజీనో, ఉత్తరాన్నో, పుస్తకాన్నో తెరిచినప్పుడు అందులోని అక్షరాలను ఈ పరికరం ఉన్నవి ఉన్నట్టుగా చూపించాలి. చూపించదని అనుకోవడానికి ఆధారం ఐఫోన్. ఐప్యాడ్ నడిచేది ఐఫోన్ కోసం చేసిన ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) 3.2 వెర్షన్ మీద. 2008 ఆగస్టులో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఆ ఫోనులో ఇప్పటికీ తెలుగు పేజీ తెరిస్తే అక్షరాలు ఉండవలసిన చోట ఖాళీ డబ్బాలే వరుసగా కనిపిస్తాయి. అదే ఓఎస్‌ను పెద్ద తెర మీదికి తెస్తే డబ్బాలు కూడా పెద్దవే అవుతాయి.

ఒక ఫాంటు చేర్చితే సరిపోతుంది కదా, దీనికింత రాద్ధాంతమా అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ఇంగ్లీషులో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడితే మాట తయారవుతుంది. తెలుగులో గుడి వచ్చినప్పుడు తలకట్టు తొలగాలి, ఒత్తు అడుగుకు దిగాలి, కొన్ని ఒత్తులు పక్కకు జరగాలి, ఒకే హల్లుకు రెండు ఒత్తులు వచ్చి చేరినప్పుడు రెండూ ఒకదానినొకటి తగలకుండా కూర్చోవాలి. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటరు వేళ్లతో చేసిన ఈ పనిని ఇప్పుడు ఫాంటూ, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని అక్షరాల అమరిక వ్యవస్థా కలిసి చేయాలి. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఉమ్మడి సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్ 1991లో వచ్చిన తన మొదటి వెర్షన్‌లోనే మన అక్షరాలకు సంకేతాలు కేటాయించింది. కానీ అందులో భద్రమయ్యేది ‘క’ అనే అక్షరం, పొల్లు, ‘ష’ అనే అక్షరం, విడివిడిగా. వాటిని కలిపి ‘క్ష’గా చూపించే బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఫాంటు ఉండి ఆ వ్యవస్థ లేకపోతే పొల్లులూ హల్లులూ చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఫాంటే లేకపోతే డబ్బాలు.

మైక్రోసాఫ్ట్ 2001లోనే విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటునూ ఈ అమరికనూ కలిపి ఇచ్చింది. తెలుగువారే తయారుచేసి ఉచితంగా పంచిన పోతన, వేమన ఫాంట్లు దానికి తోడయ్యాయి. అంతకు ముందు ఒక్కొక్క డీటీపీ సంస్థ ఫాంటుదీ ఒక్కొక్క దారి కావడంతో, ఒకచోట కంపోజ్ చేసిన వ్యాసాన్ని వేరొకచోట తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపించేవి. ఆ పీడ వదిలాకే తెలుగు బ్లాగులు పుట్టుకొచ్చాయి, 2003లో మొదలైన తెలుగు వికీపీడియా ఎదిగింది. మాకిన్‌టాష్ సంగతికి వస్తే, దేవనాగరి, గుజరాతీ, గురుముఖి, తమిళ లిపులకు అందులో చోటు దొరికింది గానీ, కిందటి సంవత్సరం, 2009లో, విడుదలైన దాని కొత్త ఓఎస్ స్నో లెపర్డ్‌లో కూడా తెలుగుకు దొరకలేదు. దాని అమరిక పద్ధతి వేరు కావడం వల్ల విండోస్ కోసం చేసిన ఫాంటును తెచ్చి పెట్టినా ఒత్తులు సరిగ్గా కలవవు. అక్షరాల అందం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన సంస్థ, 1984లో తొలి మాకిన్‌టాష్‌లోనే రకరకాల ఫాంట్లను సామాన్యుడి బల్ల మీదికి తెచ్చిన సంస్థ, ఈ విషయంలో తన పోటీదారు కంటే ఇంత వెనకబడి ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అయినా మాకిన్‌టాష్‌తో ఇన్నేళ్లు నెగ్గుకు రాగలిగామంటే, కంపెనీ ఇవ్వనిదాన్ని మనమే తెచ్చుకునే వీలు అందులో ఉండడమే కారణం. దాని పద్ధతికి తగ్గట్టు తయారైన తెలుగు ఫాంట్లను వెతికి పట్టుకుని, ఫాంట్ల ఫోల్డరులో వేసుకుని, కీబోర్డు అమరికను కూడా మనకు అనువుగా మార్చుకుంటే పని జరిగిపోయేది. ఎవరి అనుమతీ అక్కరలేదు. ఐప్యాడ్‌లో ఈ వీలును కూడా తీసేశారు, నా నిరాశకు అసలు కారణం ఇదే. అందులో ఫాంట్ల ఫోల్డరు అంటూ మనకు కనిపించేది ఏదీ లేదు. యాపిల్ ఆమోదించి తన యాప్ స్టోరులో పెట్టిన సాఫ్ట్‌వేర్లు తప్ప వేరేవి వేసుకోవడానికి లేదు. ఆ స్టోరులో ఇప్పటికే 1,40,000 యాప్‌లు ఉన్నాయని ఘనంగా చెప్పారు. తెలుగు తెలిసిన ఇంజనీరు ఎవరైనా శ్రమపడి తన యాప్‌లో తెలుగు అక్షరాలను తానే గీసి చూపించినా, అవి ఆ యాప్ గోడల మధ్యనే ఉంటాయి. బ్రౌజరులోకి రావు, ఈమెయిల్‌లోకి రావు, ఐబుక్స్ అనే ఆ కొత్త పుస్తకాల అలమరలోకి రావు. విందుకు పిలిచి, మన వరుసలో విస్తరి వేయకపోగా, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియరును కూడా గుమ్మం బయటే పెట్టి రమ్మన్నట్టుంది వ్యవహారం.

పీడీఎఫ్‌లు ఉన్నాయి కదా అని నాతో వాదించిన మిత్రులున్నారు. నిజమే, ఫాంటును లోపలే పొదిగిన పీడీఎఫ్ పేజీ ఈ తెర మీద కనిపిస్తుంది. స్కాన్ చేసిన పాత పుస్తకం కూడా బొమ్మగా కనిపిస్తుంది. కానీ ఆ పేజీలో అక్షరం సైజు పెంచితే వరుస తెర దాటి పోతుంది, మళ్లీ సర్దుకోదు. నలభై దాటిన కళ్లకు కావలసింది ఆ సర్దుబాటే. ఐబుక్స్ కోసం యాపిల్ ఎంచుకున్న ఈపబ్ అనే పద్ధతి సరిగ్గా ఇందుకోసం పుట్టినదే, పైగా అది ఎవరైనా వాడుకోదగిన బహిరంగ ప్రమాణం. ఆ ఎంపికను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే పెంగ్విన్, హార్పర్‌కాలిన్స్ వంటి ఐదు పెద్ద ప్రచురణ సంస్థలతో మొదలవుతున్న ఆ దుకాణం ప్రస్తుతానికి అమెరికాకే పరిమితం. రేపు మన దేశానికి వచ్చినా, ఏ హైదరాబాదు ప్రచురణకర్త అయినా తెలుగు ఈపబ్ తయారుచేసి ఇస్తే దాన్ని చూపించడానికి లోపల అక్షరాలు ఉండవు.

ఇతరులు ఎత్తిచూపుతున్న లోపాల జోలికి ఎక్కువగా వెళ్లను. కెమెరా లేకపోవడం నాకు లోటు కాదు. వెబ్ పేజీలలో వీడియోలు, కదిలే బొమ్మలు చూపించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేరు లేదన్నది కొన్ని వెబ్‌సైట్లు చూసేవారికి ఇబ్బందే. ప్రకటన సభలో ఒక అమెరికన్ పత్రిక సైటు తెరిచినప్పుడు కూడా ఫ్లాష్ ఉండవలసిన చోటు ఖాళీగా కనిపించింది. పెన్‌డ్రైవ్ గుచ్చుకునే యూఎస్‌బీ రంధ్రం లేకపోవడం మాత్రం మన ఊరి పనివారికి తగిలే దెబ్బ. ఇక్కడ ప్రూఫులైనా, ఫొటోలైనా, పెళ్లి కార్డు మ్యాటరైనా చేతులు మారేది పెన్‌డ్రైవ్‌లోనే. కెమెరా నుంచి ఫొటోలు ఎక్కించుకోవడానికి కావలసిన అడాప్టర్ తోక కూడా వేరుగా 29 డాలర్లు పెట్టి కొనుక్కోవాలి. యాపిల్ కాక ఇతరులు చేసిన యాప్‌లు రెండు ఒకేసారి నడవవు అన్నది మరొకటి. ప్రూఫు దిద్దేవాడికి పక్కనే నిఘంటువు తెరిచి ఉండాలి. ప్రతి మాటకూ ప్రూఫు మూసి నిఘంటువు తెరిచి, అది మూసి మళ్లీ ప్రూఫు తెరవడం పని కాదు, శిక్ష. 

ఇది మొదటి మోడలే కదా, రెండో దానిలో అన్నీ వస్తాయి, కాస్త ఓపిక పట్టమని మరికొందరు అంటున్నారు. కెమెరా విషయంలోనో మరొకదానిలోనో వారి మాట నిజం కావచ్చు. తెలుగు విషయంలో ఆ భరోసా ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఐఫోన్ వచ్చి మూడో సంవత్సరం నడుస్తోంది, దాని ఓఎస్ మూడో తరానికి చేరింది, మన డబ్బాలు డబ్బాలుగానే ఉన్నాయి. పలక మీద చేతి రాతను గుర్తుపట్టే న్యూటన్ అనే పరికరాన్ని ఇదే సంస్థ 1993లో తెచ్చి 1998లో ఆపేసిన చరిత్ర కూడా పాతవాళ్లం మరచిపోలేదు. ఇంకొక సంగతి. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు ఇంజనీర్లతో కలిసి ఈ దశాబ్దం మొదట్లోనే సింప్యూటర్ అనే చేతి కంప్యూటరును భారతీయ భాషలను దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. వ్యాపారంగా అది నిలబడలేదు, నిజమే. కానీ చేయడం అసాధ్యం కాదని మన దేశంలోనే, మన పక్క రాష్ట్రంలోనే, ఎంతో తక్కువ పెట్టుబడితో నిరూపించారు.

ధర సంగతి కూడా చూడండి. అన్నిటికంటే తక్కువ మోడల్ 499 డాలర్లు, అంటే ఈ నెల, 2010 ఫిబ్రవరి, మారకం ప్రకారం సుమారు 23,000 రూపాయలు. అన్నిటికంటే ఎక్కువది 829 డాలర్లు, సుమారు 38,000 రూపాయలు. సుంకాలూ పన్నులూ వీటికి అదనం. మూడో తరం (3జీ) మొబైల్ సౌకర్యం ఉన్న మోడల్‌కు ఎక్కువ పెట్టి కొన్నా, మన దేశంలో ప్రైవేటు సంస్థలకు దానికి కావలసిన రేడియో తరంగాల (స్పెక్ట్రం) వేలం ఇంకా జరగనే లేదు. ఇంత సొమ్ము పోసి కొన్న వస్తువులో ఇంగ్లీషు చదివే కొడుకో కూతురో ఆడుకోగలరు గానీ, తెలుగు తప్ప మరొకటి చదవని ఇంటి పెద్దవారికి అది ఎందుకూ కొరగాదు. వేలి స్పర్శతో నడుస్తుంది, మౌసు లేదు, వైర్ల గొడవ లేదు, కంప్యూటరంటే భయపడే పెద్దలకు దీనికంటే అనువైన యంత్రం ఇప్పటిదాకా రాలేదు. అటువంటిది సరిగ్గా వారికే అందకుండా పోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తోంది.

తప్పంతా అమెరికా కంపెనీదేనని చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదు. కొన్ని తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఇప్పటికీ తమ సొంత ఫాంటును దింపుకుంటే తప్ప కనిపించవు. ఫాంటు దింపుకోనివ్వని ఈ కొత్త తరం పరికరాలలో అవి ఏనాటికీ తెరుచుకోవు, యాపిల్ రేపే తెలుగు ఇచ్చినా సరే. ప్రచురణకర్తలలో చాలామంది దగ్గర పుస్తకాల ఫైళ్లు పాత డీటీపీ ఫాంట్లలోనే మూలుగుతున్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పని ఎప్పుడో మొదలుపెట్టవలసింది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు సంబరాలు చేసుకున్న రాష్ట్ర ప్రభుత్వం, దాని అధికార భాషా సంఘం, సమాచార సాంకేతిక శాఖ ఈ విషయంలో యాపిల్‌కు ఒక లేఖ రాసినా అది నా వంటి ఒంటరి వినియోగదారుడు రాసే వంద ఉత్తరాల కంటే బరువు తూగుతుంది. 1998లో మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని తెరిచిన నగరం మనది. ఇటువంటి మాట అడగడానికి కావలసిన అర్హతా నైపుణ్యమూ ఈ నగరానికి ఉన్నాయి.

ఐప్యాడ్ అమెరికా దుకాణాలలోకి రావడానికి ప్రకటన నాటి నుంచి 60 రోజులు, మూడో తరం మొబైల్ సౌకర్యం ఉన్నదానికి 90 రోజులు పడుతుందని చెప్పారు. మన దేశానికి ఎప్పుడో ఇంకా చెప్పలేదు. ఆ లోగా కోరవలసినవి ఎక్కువేమీ లేవు: ఓఎస్‌లో చదవదగిన తెలుగు ఫాంటు ఒకటి, ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కలిపే అమరిక, తెర మీద తెలుగు కీబోర్డు, వీలైతే మనమే ఫాంటు వేసుకునే అనుమతి. మొదటి రెండూ వస్తే మిగిలిన వాటికి ఆగగలం. అభిప్రాయాలు పంపడానికి ఆ సంస్థ వెబ్‌సైటులో ప్రత్యేకంగా ఒక పేజీ ఉంది. ఈ కోరికలను ఇంగ్లీషులో రాసి నేను పంపాను. మాకిన్‌టాష్, ఐఫోన్, ఐపాడ్ వాడుతున్న తెలుగువారు, ముఖ్యంగా అమెరికాలో ఉండి మొదటి రోజే ఈ పలకను కొనబోయేవారు, తాము కూడా పంపవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నా మటుకు నేను, అది ఇక్కడి దుకాణానికి వచ్చిన రోజున అందులో తెలుగు వికీపీడియా తెరిచి చూపించమని అడుగుతాను. అక్షరాలు కనిపిస్తే కొంటాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పుస్తక రూపకర్త,
చిక్కడపల్లి, హైదరాబాదు.
ఫిబ్రవరి, 2010